మూలా నక్షత్రం, ప్రథమ పాదం

ప్రథమ ప్రసవం పుట్టింట జరగాలన్నది తెలుగునాట అనూచానంగా వస్తున్న ఆచారం. దీనికి స్మృతివాక్యం వెదకనక్కరలేదు. భయపడే పిల్లకు తల్లి చేరువలో ఉండడం కంటె వేరే ప్రమాణం ఏముంటుంది? తాడేపల్లిగూడెంలో మెట్టిన ఒక యువతిని 2024 జ్యేష్ఠమాసంలో, ఆషాఢం రాకముందే, సీమంతం జరిపించి కొల్లేటి లంకలోని పుట్టింటికి తీసుకువెళ్లారు. నెలలు నిండగానే ఏలూరులోని ఆసుపత్రిలో చేరాలని, కాన్పు సహజంగా జరగాలని, భర్త ద్వారం వద్దనే ఉండి జాతకర్మ చేయాలని సంకల్పం. నాభినాళచ్ఛేదనానికి పూర్వమే జాతకర్మ జరగాలని మనుస్మృతి విధించింది కనుక, బంగారుటుంగరం, నేయి, తేనె ఒక చిన్న వెండిగిన్నెతో సహా మూటకట్టి సిద్ధం చేసుకున్నారు. ఆ యువతి ప్రతిదినం సాయంసంధ్యలో భాగవత తృతీయస్కంధం పారాయణ చేసేది. కపిలమహర్షి దేవహూతికి గర్భస్థజీవుని వేదనను వర్ణించే ఘట్టం ఆమెకు ప్రత్యేకించి ప్రియమైనది. ప్రసవవేదన ఒక తపస్సని, దానిని తాను పూర్తిగా అనుభవించి తీరాలని ఆమె మనస్సులో దృఢంగా నాటుకుంది.

సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచెత్తింది. ఆ జలమంతా చివరకు చేరవలసినది కొల్లేటికే. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులెన్నో కొల్లేటిలో కలుస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వచ్చినంత వేగంగా నీరు పోదు. కొద్దిరోజులలోనే లంకగ్రామాల దారులు మునిగిపోయాయి. ఇటువంటప్పుడు అందరూ దైవలీల అనేస్తారు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సు గర్భంలోకి చేపలచెరువుల గట్లను చొప్పించినది దైవం కాదు. 2006లో ఆ గట్లను పెద్దయెత్తున తొలగించవలసి వచ్చిన సంగతి ఆ ప్రాంతంలో ఎవరూ మరువలేదు. మానుషాన్ని దైవం ఖాతాలో వేయడం భక్తి అనిపించుకోదు.

వినాయకచవితికి ముందురోజు ఆమెను తల్లి తోడుగా పడవలో గట్టుకు చేర్చారు. పశువులను విడిచి రాలేక తండ్రి లంకలోనే ఉండిపోయాడు. ఏలూరులో బంధువులు లేరు. నీరు ఎప్పుడు తీస్తుందో తెలియదు. సుమారు 50 కిలోమీటర్ల దూరంలో అత్తవారి ఇల్లున్నది. పుట్టింటి పురుడు అత్తింటి పురుడైంది. కూతురి పురుటికి వియ్యాలవారింట బస చేయవలసి వచ్చిన ఆ తల్లి మొదటి రెండు పూటలు సిగ్గుతో సరిగా భోజనమైనా చేయలేదు. చివరకు అత్తగారే చేయిపట్టుకొని, “వదినగారూ, వంటింట్లో డబ్బాలెక్కడున్నాయో చూపిస్తాను రండి, పథ్యం మీరే వండాలి” అని ఆ సంకోచాన్ని తొలగించింది.

తాడేపల్లిగూడెంలో స్కానింగ్ చేసిన వైద్యురాలు శిశువు ఎదురుకాళ్లతో ఉన్నదని, తొలికాన్పులో శస్త్రచికిత్సయే క్షేమమని చెప్పింది. సహజప్రసవమనే సంకల్పం ఆ క్షణంలోనే సగం జారిపోయింది. మామగారు పంచాంగం తెరిచారు. భాద్రపద శుద్ధ ద్వాదశి, శ్రవణా నక్షత్రం, వామనజయంతి. విష్ణునక్షత్రంలో, వామనుడు అవతరించిన తిథిలో మనుమడో మనుమరాలో పుడితే అంతకంటె భాగ్యమేమిటి? వైద్యురాలు కూడ ఆ దినానికి అభ్యంతరం చెప్పలేదు. ఆపరేషన్ ఎటూ తప్పనప్పుడు మంచిదినం చూసుకోవడంలో దోషమేమీ లేదు. అయితే ముహూర్తం మనం చేయదలచిన కర్మకు కాలాన్ని ఎంచుకోవడం. జననం మనం చేసే కర్మయా, మనకు సంభవించేదా అన్న ప్రశ్న మాత్రం ఆ పంచాంగం అంచున నిలిచే ఉంటుంది.

ద్వాదశికి మూడునాళ్లు ముందే సమాధానం వచ్చింది. అష్టమి వెళ్లి నవమి ప్రవేశించిన ఆ అర్ధరాత్రి ఆమెకు ఉమ్మనీరు పోయింది. ఎదురుకాళ్ల శిశువు, ఉమ్మనీరు పోవడం కలిసినప్పుడు బొడ్డుతాడు ముందుకు జారే ప్రమాదం ఉన్నది. జారి నొక్కుకుపోతే నిమిషాలలో ప్రాణవాయువు అందదు. వైద్యురాలు వెంటనే శస్త్రచికిత్స చేయాలన్నది. మామగారికి మాత్రం మరొక లెక్క తెలుసు. అప్పటికి మూలానక్షత్రం నడుస్తోంది, అందునా ప్రథమపాదం. మూల ప్రథమపాదంలో జననం తండ్రికి అరిష్టమని, చతుర్థపాదం శుభమని జ్యోతిషసంప్రదాయం. చతుర్థపాదం మరునాటి మధ్యాహ్నం దాటితే గాని రాదు. “సాయంత్రం వరకైనా ఆగవచ్చునా అమ్మా” అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నను మూఢత్వమని తీసిపారవేయడం సులభం. ఆయనకు భయం మనుమరాలిని గురించి కాదు, తన ఒక్కగానొక్క కుమారుని గురించి. పుత్రవాత్సల్యమే శాస్త్రభాషలో మాట్లాడింది.

వైద్యురాలు తల అడ్డంగా ఊపింది. అంగీకారపత్రం భర్త చేతికి ఇచ్చారు. తండ్రి ఏమి లెక్కిస్తున్నాడో అతనికి తెలుసు. “అరిష్టం నాకే కదా నాన్నగారూ, సంతకం కూడ నాదే కదా” అన్నాడు, పెట్టాడు. ఆయన మారుపలుకలేదు.

ఆడపిల్ల. పుట్టగానే ఏడ్వలేదు. కొద్దిసేపు శ్వాసకు సహాయం కావలసి వచ్చింది. నవజాతశిశువుల గదికి తరలించే వేళ నర్సు శిశువును బట్టలలో చుట్టి, ఎదుట నిలిచిన తండ్రి చేతిలో పెట్టి, “వెంట రండి” అన్నది. శాంతి జరిగేవరకు తండ్రి శిశుముఖం చూడరాదన్న నియమం ఆ నడవాలో ఎవరికీ జ్ఞాపకం రాలేదు. నేయి, తేనె, ఉంగరం ఉన్న మూట ఇంట్లోనే ఉండిపోయింది. ఒకవిధంగా అదే మేలు. సంవత్సరం నిండని శిశువుకు తేనె తగదని నేటి వైద్యులు చెబుతారు. జాతకర్మను పదకొండవనాడు నామకరణంతో కలిపి జరిపినప్పుడు పురోహితుడు ఆ మిశ్రమాన్ని శిశువు పెదవికి తాకించకుండా మంత్రం మాత్రమే చెప్పించాడు.

అసలు కష్టం తరువాత వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న శిశువును ఒడిలో పెట్టుకొని బాలింత ఏడ్చేది. “నేను కనలేదమ్మా, కోసి తీశారు” అని తల్లితో అనేది. చూడవచ్చినవారు బిడ్డ క్షేమం కదా, ఇంకేమి కావాలి అన్నారు. ఆ ఓదార్పు సదుద్దేశంతో చెప్పినదే, కాని ఆమె దుఃఖాన్ని తాకదు. తపస్సుగా భావించిన దానిని తన నుండి ఎవరో తీసివేశారన్నదే ఆమె బాధ.

ఇక్కడ గీత పద్దెనిమిదవ అధ్యాయం ప్రసక్తమవుతుంది. ఏ కర్మ సిద్ధించాలన్నా అయిదు కారణాలు కలియాలని భగవానుడు అక్కడ చెబుతాడు: అధిష్ఠానమైన శరీరం, కర్త, వివిధ కరణాలు, నానావిధ చేష్టలు, అయిదవదిగా దైవం. ఆ తరువాత, కేవలం తానే కర్తనని తలచేవాని చూపు సరియైనది కాదని హెచ్చరిస్తాడు. ఈ విభాగాన్ని ఆ రాత్రికి అన్వయించి చూడవచ్చును. అధిష్ఠానం ఆమె దేహమే. తొమ్మిది మాసాలు పోషించినది, కోతను భరించినది అదే. కరణాలు వైద్యురాలి చేతులు, దీపాలు, శస్త్రం. చేష్టలలో పడవ నడిపినవాని తెడ్డువేటు కూడ ఉన్నది. తాను కనలేదన్న మాటలో వినయం ఉన్నట్లు తోస్తుంది; లోపల దాగినది మాత్రం, సహజప్రసవమైతే తానొక్కతెయే కని ఉండేదన్న కర్తృత్వభావం. సహజంగా కన్న తల్లి కూడ ఒంటరిగా కనదు. ఇది కఠినంగా వినిపించవచ్చు. పచ్చిబాలింతకు మొదటివారంలో చెప్పే మాట కాదిది. పాలు, నిద్ర, నొప్పికి మందు ముందు.

శస్త్రం సంప్రదాయానికి పరాయిదీ కాదు. గర్భిణి హఠాత్తుగా మరణించి గర్భం కదలుతూ ఉంటే వైద్యుడు ఉదరం ఛేదించి శిశువును వెలికితీయాలని సుశ్రుతుడు నిదానస్థానంలోనే చెప్పాడు. ఆనాడు తల్లి పోయిన తరువాతనే సాధ్యమైనది నేడు తల్లి బ్రతికి ఉండగా సాధ్యమవుతున్నది. పురాణంలో చూస్తే, దేవకి సప్తమగర్భం రోహిణికి సంక్రమించింది. సంకర్షణుడన్న పేరే లాగబడిన వాడని చెబుతుంది. బలరాముని ఎవరు కన్నారని భాగవతం తగువు పెట్టదు.

ఆమెకు మరొక సందేహం కూడ కలిగింది, పారాయణ చేసిన వారికే కలిగే సందేహం. గర్భోపనిషత్తు ప్రకారం నవమమాసంలో జీవునికి పూర్వజన్మస్మృతి కలుగుతుంది. యోనిద్వారంలో పీడింపబడి వెలుపలికి రాగానే వైష్ణవవాయువు సోకి ఆ స్మృతి నశిస్తుంది. ఆ ద్వారం గుండా రాని శిశువుకు స్మృతి మిగిలి ఉంటుందా? మామగారు కొంతసేపు ఆలోచించి, “విష్ణుమాయకు ఒక్క ద్వారమేనటమ్మా?” అన్నారు. ప్రసవమైన తరువాత ఆమె మొదటిసారి నవ్వినది అప్పుడేనని తల్లి చెబుతుంది.

మూల మళ్లీ వచ్చేనాటికి ఆశ్వయుజం. నవరాత్రులలో మూలానక్షత్రం సరస్వతీదేవిది. ఇంద్రకీలాద్రిపై అమ్మవారు సరస్వతిగా దర్శనమిచ్చే దినం అదే. ఏ నక్షత్రానికి ఇల్లంతా భీతిల్లిందో, ఆ నక్షత్రంలోనే నాడు ఎందరో తల్లులు పుస్తకాలు, పలకలు పట్టుకొని కొండ ఎక్కుతున్నారు. శాంతిలో నూరు రంధ్రాల కలశం నుండి తల్లికి, తండ్రికి, శిశువుకు అభిషేకం జరిగింది. తరువాత తండ్రి నూనెపాత్రలో కూతురి ప్రతిబింబాన్ని తొలిసారిగా చూసినట్లు చూశాడు. చేతులలో మోసుకుపోయిన సంగతి ఎవరూ ఎత్తలేదు, పురోహితుడు అడగనూలేదు. మూలలో పుట్టిన పిల్లను మామగారు లేని ఇంటికే ఇవ్వాలని ఒక పెద్దముత్తైదువ గొణిగితే, అత్తగారు ఆమె చేతిలో తాంబూలం పెట్టి మాట మార్చింది. లంక నుండి బాలింత తండ్రి ఆనాడే వచ్చాడు. మునిగిన దారి తేలింది. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కుకున్న చీరను ఫాల్గుణమాసపు జాతరలో మనుమరాలి చేతితో సమర్పించాలని అతని కోరిక. తేదీ చూడమని వియ్యంకుని అడిగాడు. ఆయన పంచాంగం తీయబోయి, “జాతర రోజులలో ఎప్పుడైనా సరే బావగారూ, పిల్ల నిద్రలేచిన వేళ చూసుకుందాం” అన్నారు.