మిరప కోతలయ్యాక పెళ్లి

నా పెళ్లినాటికి నాకు పదిహేనేళ్లు. 2009లో, భద్రాచలంలో రాములోరి కల్యాణం అయిన పది రోజులకు నా మెడలో తాళి పడింది. మా దిక్కు పల్లెల్లో దేవుడి పెళ్లి అయ్యాకే మనుషుల పెళ్లిళ్లు మొదలవుతాయి. నలుగు పెడుతూ చిన్నమ్మ నా చేతులకు పసుపు రాస్తే భగ్గుమని మండాయి. మూడు నెలలు మిరపకాయలు కోసి వేళ్ల సందులు పగిలి ఉన్నాయి. నా కళ్లలో నీళ్లు చూసి, అత్తగారింటికి పోతున్నానని ఏడుస్తున్నాననుకున్నారు అందరూ.

మాది ఖమ్మానికీ భద్రాచలానికీ మధ్య అడవి అంచున ఉన్న ఊరు. వానాకాలం రెండెకరాల పత్తి, ఎండాకాలం తునికాకు. మధ్యలో జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. మేస్త్రి దగ్గర బయానా తీసుకుని, సగం ఊరు ఇళ్లకు తాళాలేసుకుని పోతుంది. అమ్మానాయనలు పోయినప్పుడల్లా అమ్మమ్మ నన్ను చూసుకునేది. ఆమె వండిపెడితే తిని నాలుగు కిలోమీటర్లు నడిచి బడికి పోయేదాన్ని. నేను తొమ్మిదిలో ఉండగా, దసరా పోయాక అమ్మమ్మ చనిపోయింది. సంక్రాంతి వెళ్లగానే పుస్తకాల సంచి చిలక్కొయ్యకు తగిలించి నేనూ ట్రాలీ ఎక్కాను.

చేను గట్టున టార్పాలిన్ గుడిసెలు. తలుపు లేదు. స్నానానికి పాత చీరలు చుట్టిన దడి. ఒక రాత్రి ఎవరో మా గుడిసె చుట్టూ తచ్చాడారు. ఆనాటి నుంచి అమ్మ నా వోణీ కొంగు తన చేతికి చుట్టుకుని పడుకునేది. నాయనది ఒకటే మాట: "ఎన్నాళ్లని కళ్లల్లో ఒత్తులేసుకుని కాస్తం? ఏమన్నా అయితే ఎవరికి చెప్పుకుంటం?" కోతలయ్యేసరికి సంబంధం కుదిరింది. ఇరవై నాలుగేళ్ల ట్రాక్టర్ డ్రైవర్. కట్నం తక్కువే అడిగారు. పిల్ల వయసుతో పాటు కట్నమూ పెరుగుతుందన్నది మా దగ్గర అందరికీ తెలిసిన లెక్క. అమ్మానాయనలకు నేనంటే ప్రాణం. నాకేమవుతుందోనన్న భయంతోనే నన్ను ఒకరి చేతిలో పెట్టారు.

పదహారేళ్లకు నెల తప్పాను. రక్తం ఏడు గ్రాములే ఉందని నర్సమ్మ మా అత్తను తిట్టింది. ఐరన్ బిళ్లలు వేసుకుంటే వాంతులయ్యేవి. ఎవరికి చెప్పాలో తెలియక చూరులో దాచేదాన్ని. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. పాప కిలో ఆరు వందల గ్రాములు. తొమ్మిది రోజులు బతికింది. పాలు గడ్డకట్టి నేను జ్వరంతో మూలుగుతుంటే, పాలు ఆరిపోవాలని అత్త నా రొమ్ములకు మల్లెపూలు కట్టింది. ఆ వాసన ఈ రోజుకీ నాకు పడదు.

తర్వాత బాబు పుట్టాడు. వాడు కాస్త పెద్దయ్యాక ఓపెన్ స్కూల్లో పది కట్టి పాసయ్యాను. ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్‌ని. 2017లో ఒక శిక్షణలో చెప్పారు: 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం, పద్దెనిమిది నిండిన రెండేళ్లలోపు ఆ పిల్లే కోర్టుకు పోయి పెళ్లి రద్దు చేయించుకోవచ్చట. అప్పటికి నాకు ఇరవై మూడు. నేను పోయేదాన్నో కాదో చెప్పలేను. ఆ దారి ఉందని తెలిసేలోపే గడువు దాటిపోయింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. నలుగురిలో దాదాపు ఒకరు. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి డబ్బుకు పద్దెనిమిది నిండాలి కాబట్టి మా ఊళ్లో కొందరు ఆగుతున్నారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే అధికారులు వచ్చి పెళ్లి ఆపుతారు. కానీ మళ్లీ జనవరి వస్తుంది. పిల్లను ఎక్కడ ఉంచి పోవాలన్న గుబులు తల్లికి అలాగే ఉంటుంది.

అందుకే దసరా కాగానే నేను ఇల్లిల్లూ తిరుగుతాను. బయానా తీసుకున్నారా, ఆడపిల్లను ఎక్కడ ఉంచుతారు అని అడుగుతాను. కస్తూర్బా విద్యాలయంలోనో ఆశ్రమ పాఠశాలలోనో సీటు అడగడానికి వాళ్ల వెంట పోతాను. సీటు దొరకని ఏడాది ఇద్దరు పిల్లలు మూడు నెలలు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లు వచ్చిన రోజే మా ఆయన వాళ్ల గది తలుపుకు లోపలి వైపు కొత్త గడియ బిగించాడు. రాత్రిపూట దాన్ని వేసుకునేది వాళ్లే, పొద్దున తీసేదీ వాళ్లే.