బెజ్జం పడ్డ ముత్యం

హైదరాబాదును ముత్యాల నగరం అన్నప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: దగ్గర్లో సముద్రమే లేదు కదా, ఆ ఊరికి ముత్యాలెక్కడివి అని. న్యాయమైన ప్రశ్నే. చార్మినార్ నుంచి బంగాళాఖాతం దాదాపు 300 కిలోమీటర్లు. మూసీలో ముత్యాలు దొరకవు. అయినా పత్తర్‌గట్టీ దుకాణాల్లో తెల్లవీ, మీగడ రంగువీ, లేత గులాబీవీ జడపాయల్లా కట్టలు కట్టలుగా వేలాడుతూనే ఉంటాయి. ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. ముత్యం పుట్టిన చోటిదే తప్ప చేరిన చోటిది కాదని, దాని విలువంతా పుట్టుకలోనే ఉందని. ఆ నమ్మకం సరికాదని నేననుకుంటాను. తెలుగులో ముత్యమన్న మాటను ఎన్ని చోట్ల ఎన్ని రకాలుగా వాడుతున్నామో చూస్తే, అది పుట్టుకను చెప్పే పేరు కాదనీ ఒక తీరును చెప్పే పేరనీ తెలుస్తుంది. ఆ తీరును కనిపెట్టేది మనిషి కన్ను, నిలబెట్టేది మనిషి చెయ్యి.

ముందు ఊళ్ల సంగతి. నిజాముల నగల్లో పేరుపడ్డ ఏడు పేటల సత్‌లడా హారంలోవి బస్రా ముత్యాలు. మన పెళ్లిళ్లలోనూ పాతకాలం వాళ్లు బస్రా ముత్యమంటే గొప్పగా చెప్పుకునేవారు. అయితే బస్రా ముత్యాలు తీసిన చోటు కాదు, అమ్మిన చోటు. బహ్రెయిన్ చుట్టుపక్కల గల్ఫ్ నీళ్లలో మునిగి తీసిన సరుకు ఆ రేవు మీదుగా లోకానికి వచ్చేది, రేవు పేరే ముత్యానికి అతుక్కుంది. బస్రాకు ఆ గౌరవం ఇచ్చిన వాళ్లు హైదరాబాదుకు ఎందుకివ్వరు? మన తీరానికీ ఈ కథ కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం, సముద్ర వర్తకులకు రక్షణ మాట ఇస్తూ, ఏ సరుకు మీద ఎంత సుంకమో చెబుతుంది. అందులో కర్పూరం సరసన ముత్యాలున్నాయి. సుంకం రాసిన వాడికి ముత్యమంటే ఓడ దిగిన సరుకు. ఈనాడు పత్తర్‌గట్టీకి వచ్చే వాటిలో చాలా భాగం చైనా చెరువుల్లో పండినవే. దారి మారింది, దారి మీద బతికే అలవాటు మాత్రం పాతదే.

పోనీ పదార్థంలో విలువ ఉందేమో చూద్దాం. ముత్యం కాల్షియం కార్బొనేట్. పల్నాడు సున్నపురాయి, కోడిగుడ్డు పెంకు, ఆల్చిప్ప, ముత్యం రసాయనం లెక్కన ఒకే కుటుంబం. కాకినాడ అఖాతంలో గాజుపలకల్లా పలచటి ఆల్చిప్పలు దొరుకుతాయి. వాటిలోనూ సన్నటి ముత్యాలు ఉంటాయి. అయినా జనం ఆ చిప్పలను పోగుచేసింది ఎక్కువగా సున్నం కాల్చడానికే. ముత్యానికి మెరుపు ఇచ్చేది అమరిక. మైక్రాన్‌లో సగం మందం ఉండే పలకలు, వాటి మధ్య జిగురు పొర, మళ్లీ పలకలు, ఇలా వేల వరసలు. వెలుగు ఈ పొరల మధ్య చొరబడి తిరిగొచ్చేటప్పుడు, లోపల దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. స్వాతికార్తెలో పడ్డ చినుకు చిప్పలో చేరి ముత్యమవుతుందన్న నమ్మకం అందమైనదే. ఇసుక రేణువు చుట్టూ ముత్యం కడుతుందన్నది బడిపుస్తకాల నమ్మకం, అది కూడా చాలా మటుకు తప్పే. చిప్పలోపలి మెత్తటి పొరకు గాయమైనప్పుడో, పురుగు తొలిచినప్పుడో, ఆ పొరలోని కొన్ని కణాలు లోపలికి జారి చిన్న సంచీలా కట్టుకుంటాయి. ఆ సంచీ చిప్ప గోడకు పూత పూసినట్టే తన లోపల పూత పూసుకుంటూ పోతుంది. గోడకు పూసింది చిప్ప, గుండ్రంగా పూసింది ముత్యం. రెండూ ఒకే పూత కాబట్టే చిప్ప కూడా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి వెండి అని భ్రమపడటాన్ని అద్వైతులు ఉదాహరణగా ఎత్తుకున్నారు. మెరుపుకు లోటు లేకపోయినా చిప్పను చిప్పనే అన్నారు. తేడా ఆకారంలోనే.

మాట పుట్టుక దగ్గరికి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. వేదంలో ముత్యానికి పేరు కృశనం. ముక్త, మౌక్తికం తర్వాతి మాటలు. ముక్త అంటే విడివడినది, చిప్పను విడిచి బయటపడినది అని సంస్కృత పండితుల వ్యుత్పత్తి. తమిళంలోనూ కన్నడంలోనూ ముత్తు, తెలుగులో ముత్తెం, ముత్యం. దక్షిణాది సముద్రం ఇచ్చిన సరుకుకు దక్షిణాది మాటే ముందు పుట్టిందని, దాన్నే సంస్కృతం ముక్తగా సాగదీసుకుందని కొందరు భాషావేత్తల వాదన. కాదు, ముక్త నుంచే ప్రాకృతం మీదుగా ముత్తు వచ్చిందని మరికొందరు. నాకు ఏ పక్షం గెలిచినా ఫరవాలేదు. మొదటిదే నిజమైతే ఆ పేరు సరుకుతో పాటు ప్రయాణం చేసింది. రెండోదే నిజమైతే, ఆ వస్తువు పుట్టిల్లు వదిలిన క్షణంలో దానికి పేరు పెట్టారు. చిప్పలో ఉన్నంతసేపూ అది ముక్త కాదు.

ఆణిముత్యం అన్న మాటను తీసుకోండి. మంచి కథను, మంచి పాటను, మంచి మనిషిని ఆణిముత్యం అంటున్నాం. రోజూ వాడే ఈ మాట ముత్యాల బేరగాళ్ల నోట పుట్టింది. మన్నారు సింధుశాఖలో, తూత్తుకుడి దగ్గర, ముత్యాల వేట సాగిన రోజుల్లో సరుకును ముందు జల్లెడ పట్టేవాళ్లు. చిన్న తట్టల్లాంటి ఇత్తడి జల్లెడలు పది ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో కొలత బెజ్జాలు, వాటి పేర్లు అంకెలే: 20, 30, 50, 80, 100, అలా 1000 దాకా. అంకె పెరిగేకొద్దీ బెజ్జం చిన్నది. మొదటి జల్లెడలో నిలిచింది అన్నిటికన్నా పెద్ద ముత్యం, చివరిదాకా జారింది నలుసంత ముత్యం. అప్పటికి పరిమాణం మాత్రమే తేలింది. తర్వాత ఒక్కో కుప్పనూ గుడ్డ మీద పోసి, పగటి వెలుగులో, కంటితో మళ్లీ ఏరాలి. గుండ్రదనానికీ మెరుపుకూ వంక పెట్టలేనిది ఆణి. దాని వెంట ఉండేది అణదారి. ఆపైన కల్లిప్పు, కురువల్, పీసల్ అంటూ కిందికి దిగి తూళ్, అంటే పొడి దగ్గర ఆగుతుంది. ఈ వరుస ఏ చిప్పలోంచి, సముద్రంలోని ఏ చిప్పల దిబ్బ నుంచి వచ్చిందని అడగదు. ఎలా ఉందనే అడుగుతుంది. మనం ఒక కథను ఆణిముత్యం అన్నప్పుడు, తెలియకుండానే, పోసిన కుప్పలోంచి కంటితో ఏరి పక్కన పెట్టిన ఆ పనినే మళ్లీ చేస్తున్నాం.

దీనికి ఎదురు చెప్పడానికి కౌటిల్యుడున్నాడు. అర్థశాస్త్రంలో ముత్యాల ప్రస్తావన ఊళ్లతో, నదులతోనే మొదలవుతుంది. తామ్రపర్ణి ముత్యం, పాండ్యకవాటం ముత్యం, ఇలా పది రకాలు. పుట్టుక ముఖ్యం కాకపోతే ఇంత జాబితా ఎందుకు? ఖజానాకు సరుకు ఎక్కడిదో తెలియాలి, అందుకు. అదే అధ్యాయంలో మంచి ముత్యం ఏది అన్న చోటికి వచ్చేసరికి ఊళ్లన్నీ మాయమవుతాయి. పెద్దది, గుండ్రనిది, పళ్లెంలో వేస్తే నిలవక దొర్లేది, మెరిసేది, తెల్లనిది, బరువైనది, నునుపైనది అంటాడు. చివర ఇంకో గుణం చేరుస్తాడు: దేశవిద్ధం. అంటే తగిన చోట బెజ్జం పడ్డది. ఆ మాట నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. బెజ్జం ముత్యంతో పుట్టదు, మనిషి చెయ్యి వేస్తేనే వస్తుంది. దాన్ని కూడా ముత్యం గుణాల్లోనే లెక్కగట్టాడు.

బెజ్జం వేసేవాడి పని దగ్గరగా చూస్తే ఆ లెక్క ఎంత సబబో తెలుస్తుంది. ముత్యాన్ని ముందు వేళ్ల మధ్య తిప్పి చూస్తాడు. ఎక్కడో ఒక గుంటో, మచ్చో ఉంటుంది. సూది అక్కడే దిగాలి. అప్పుడు మచ్చ బెజ్జంలో కలిసిపోతుంది, మిగిలిన ఒళ్లంతా నిష్కళంకంగా మిగులుతుంది. ఒక వైపు నుంచే తొలిస్తే అవతలి అంచు పెచ్చులూడుతుంది కాబట్టి సగం ఇటు నుంచి, సగం అటు నుంచి తొలవాలి. రెండు దారులూ మధ్యలో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. పాతకాలంలో కొయ్య దిమ్మ మీద గుంటలో ముత్యాన్ని బిగించి, విల్లులాంటి తాడుబరమాతో తిప్పుతూ, వేడెక్కకుండా నీటిచుక్కలు వేసేవాళ్లు. ఇప్పుడు మోటారు తిరుగుతోంది, గురి చూసే కన్ను మారలేదు. గుచ్చేటప్పుడు పట్టుదారానికి ముత్యం ముత్యానికీ మధ్య ముడి వేస్తారు, ఒకదాన్నొకటి రాసుకోకుండా, దారం తెగినా ఒక్కటే జారేలా.

కాళిదాసు శకుంతలను బెజ్జం పడని రత్నంతో పోల్చాడు కదా, చెయ్యి పడనిదే కదా గొప్ప, అని అడగవచ్చు. ఆ పోలిక చెబుతున్నది ఒక రాజు కోరికను. నగ పనితనం గురించి మాట్లాడాలంటే నేను కవి కంటే ఖజానా అధికారినే నమ్ముతాను. బెజ్జం పడని ముత్యం పెట్టెలో ఉంటుంది. పేట, సరం, కోవ అన్న మాటలు పుట్టింది బెజ్జం పడ్డ ముత్యాలకే. 1910లో గురజాడ తన కొత్త ఛందస్సును ముత్యాల సరం చేశాడు. మూడూ నాలుగూ మాత్రల గణాలు ఒకదాని వెంట ఒకటి పడుతూ పాదం 14 మాత్రలకు నిండుతుంది. సమానంగా ఏరి, ఎడం తప్పకుండా గుచ్చిన పని అది.

వాడుకలో ఈ మాట ఎంత దూరం వెళ్లిందో చూడండి. కుదురైన చేతిరాతను ముత్యాల్లాంటి అక్షరాలంటాం. పలువరుస ముత్యాలు. కల్లంలో తూర్పారపట్టిన తెల్లజొన్నలు ముత్యాలు. నోరు విప్పని వాణ్ణి, మాట్లాడితే ముత్యాలు రాలతాయా అని దెప్పుతాం. పూరిగుడిసెలో పుట్టిన పిల్లకూ ముత్యాలు అని పేరు పెట్టుకున్నారు, ఒంటి మీద ఒక్క ముత్యమూ లేకపోయినా. వీటిలో ఏదీ సముద్రంలో పుట్టలేదు. ఇవన్నీ ఉపమానాలే, అసలు అర్థం నగలోదేనని నిఘంటువు పక్షాన ఎవరైనా అనవచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఏ ఉపమానమూ ముత్యం ఖరీదును అరువు తెచ్చుకోలేదు. అన్నీ గుండ్రదనాన్నో, వరుసనో, నిగారింపునో తీసుకున్నాయి.

ముత్యాలమ్మ పేరు ఇంకా గట్టి సాక్ష్యం. తమిళంలో మశూచి పొక్కును కూడా ముత్తు అనే అంటారు. మన ఊళ్ల పొలిమేరల్లో కొలువైన ముత్యాలమ్మకు చెప్పే అర్థమూ అదే. పిల్లల ప్రాణాలు తీసిన, కళ్లు పోగొట్టిన జబ్బుకు ముత్యం పేరెందుకు? భయంతో, అమ్మ శాంతించాలని మంచి పేరు పెట్టారని అంటారు. నిజమే. అయితే మంచి పేర్లు వేరేవీ ఉన్నాయి. చర్మం కింద గట్టిగా, గుండ్రంగా, మెరుస్తూ తేలిన పొక్కును చూసిన తల్లి కంటికి ముత్యమే తట్టింది. ఆ జబ్బు భూమ్మీద లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. గుళ్లు ఉన్నాయి, బోనాలు ఎత్తుతూనే ఉన్నారు, పేరు అలాగే ఉంది.

ఇక అసలు పేచీ పెంపకం ముత్యం మీద. 1893లో జపాన్‌లో మికిమోటో చిప్ప చేత అరగోళం ముత్యాన్ని కట్టించాడు, 1973లో తూత్తుకుడిలో మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ విద్యను సాధించారు. పెంచింది అసలుది కాదు, అసలు దాని పేరు పెట్టడం మోసం అన్న అభ్యంతరం అప్పటి నుంచీ ఉంది. అమ్మేటప్పుడు కల్చర్డ్ అని చెప్పి తీరాలన్న వర్తక నియమాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. కొనేవాడికి ధర తేడా తెలియాలి. అంతమాత్రాన అది ముత్యం కాకుండా పోదు. మనిషి చేసింది చిన్న గాయం, పూత పూసింది చిప్పే. చైనా చెరువు ముత్యాల్లో చాలా వాటికి లోపల పూస కూడా ఉండదు, తొలి నుంచి తుది దాకా పూతే. ముత్యం కానిది గాజుపూస. పంటి అంచుకు రాసి చూస్తే అది నున్నగా జారిపోతుంది, ముత్యమైతే సన్నగా గరగరలాడుతుంది. ఆ గరుకు ఒకదాని మీద ఒకటి పేర్చిన పలకల అంచులది. పెంచిన ముత్యమూ, గల్ఫ్ ముత్యమూ పంటికి ఒకేలా తగులుతాయి.

భద్రాచలంలో శ్రీరామనవమికి తలంబ్రాలు రెండు రకాలుగా తయారవుతాయి. గోదావరి జిల్లాల భక్తులు వడ్లను దంచకుండా, మరపట్టకుండా, ఒక్కో గింజనూ గోటితో ఒలిచి, విరగని బియ్యాన్ని పట్టుకొస్తారు. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలతో పాటు ముత్యాలు వస్తాయి. పొట్టు విడిచిన గింజా, చిప్ప విడిచిన ముత్యమూ ఒకే పళ్లెంలో కలిసి సీతారాముల తల మీద పడతాయి. తర్వాత ఇళ్లకు చేరే ఆ కాస్త తలంబ్రాల పొట్లంలో, పసుపు పట్టిన బియ్యం మధ్య ముత్యం ఎక్కడుందో వేలితో వెతికి చూసుకుంటారు.