తానై కరిగే గడ్డ

నల్లంపల్లి సంతకు పోతే కూరగాయలతోబాటు కబుర్లు కూడ సంచిలో పడతవి. మొన్న మాకు దొరికిన కబురు ఇది: ఎవరికో మోకాటి ఎముకలో గడ్డ లేచి, ఊపిరితిత్తులకు ప్రాకి, ఏ మందూ లేకుండా తానై కరిగిపోయినదట!

మరొకప్పుడైతే విని ఊరుకొనేవారము. కాని మా అక్కయ్య కొడుకు, పదహారేండ్లవాడు, అటువంటి జబ్బుతోనే ఆసుపత్రిలో ఉన్నాడు. వాడి వాంతులు చూడలేక అక్కయ్య, "తానే పోయేదానికి పిల్లవాణ్ణి ఇంత బాధ పెట్టడమెందుకురా తమ్ముడూ? ఇంటికి తీసుకుపోదాం" అన్నది. మేమున్నూ తల ఊపినాము. లెక్కలు వ్రాసి బ్రతికే మాకు ఆ పూట లెక్క తప్పినది.

డాక్టరుగారు కోపపడలేదు. "మీరు విన్నది అబద్ధమనను. జెయింట్ సెల్ ట్యూమర్ అని ఒకటున్నది. సాధారణంగా అది కాన్సరు కాదు. అయినా నూటికి కొద్దిమందిలో ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడ ఒక్కొక్కప్పుడు తానై తగ్గుతుంది కూడ. మీవాడిది ఆస్టియోసార్కోమా. చోటు ఒకటే, జబ్బు వేరు" అన్నారు.

"అసలు కాన్సరు తానై పోదాండీ?" అని అడిగినాము.

"పోయిన సందర్భాలున్నవి. ఎవర్సన్, కోల్ అనే అమెరికా వైద్యులు 1900 నుండి ప్రపంచమంతటి రికార్డులు గాలించి, 1966లో గ్రంథం వేసినారు. వారు ఒప్పుకొన్నవి 176 కేసులే. దాన్ని నమ్ముకొని మందు మానవచ్చునా?"

ఎక్కించే మందు పేరు మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలమది. ఆయన 1948లో పోయినారు. 1970లలో ఎముక కాన్సరుకు దానిని పెద్ద మోతాదులో వాడసాగినారు. అంతకు ముందు కాలు తీసివేసినా ఐదుగురిలో నలుగురికి జబ్బు తిరిగి వచ్చేది. ఇప్పుడు ప్రాకకముందే పట్టుకుంటే సగానికి పైగా బ్రతుకుతున్నారు. ప్రాకినవారికి అవకాశం తక్కువే, కాని లేకపోలేదు. మావాడు ఆ రెండవ వరుసలో ఉన్నాడు.

ఈ మాట చెబితే వాడు, "ఆయన మనవాడా మామా?" అని చెయ్యి చాచినాడు. అక్కయ్య మరి ఇంటి మాట ఎత్తలేదు.

మనవారికి మేము చెప్పేది ఒక్కటే. ఎవరి గడ్డ ఎలా పోయినదో వినేముందు, మన గడ్డకు పరీక్ష చేసి పెట్టిన పేరేమిటో అడగండి.