తప్పిపోయిన గింజ

మా శిశుతరగతిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని ఈ సంచిక సంపాదకులు కోరిరి. అందు గొప్పగా చెప్పదగిన దేమియు లేదు. ఒక పెంకుటిల్లు, దాని ముందొక వేపచెట్టు, ఇసుకతొట్టి, ఇరువదిమంది పిల్లలు. ఒక్క దినమున జరిగిన సంగతిని మాత్రము చెప్పెదము.

శిక్షణ కళాశాలలో మేము ఫ్రోబెల్ మహాశయుని గూర్చి చదివితిమి. మతబోధకుని కుమారుడైన ఆయన 1837లో జర్మనీలో పసిపిల్లలకు బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లలతోట, అని పేరిడెను. ఆయన శిశువు చేతికిచ్చిన మొదటి కానుక ఆరు రంగుల ఉన్నిబంతులు. ఇవన్నియు పరీక్షలో చక్కగా వ్రాసి మంచి మార్కులే పొందితిమి. కాని ఆటయే పాఠమని మనసార నమ్ముటకు మాకు ఇరువదియేండ్లు పట్టెను. అంతవరకు పలకయు బలపమును, అప్పుడప్పుడు బెత్తమును మాకు చాలినవి.

ఆ దినము ప్రార్థనయు, చేతులాడించుచు పాడు పాటయు ముగిసిన పిదప తప్పిపోయిన గొర్రె కథ చెప్పితిమి. గ్రంథములో గొర్రెలు నూరు. మా పిల్లల లెక్క పదితో సరి. పటములోని తెల్లగొర్రెలను వారెరుగరు. పాలమూరు సీమలో వారు చూచునవి గొంగళ్లకు ఉన్నినిచ్చు కురుమల నల్లగొర్రెలే. అందుచేత నున్నని నల్లని సీతాఫలపు గింజలు పది గొర్రెలైనవి. పుల్లలతో దొడ్డి, మూకుడుతో చెరువు వారే కట్టిరి. కాపరి తానేయని ఇద్దరు కలహించిరి గాని అదియు పాఠములోని భాగమే.

ఆ గింజల పొడి కంటబడిన మిక్కిలి ప్రమాదము. కావున సాయంకాలము లెక్కపెట్టి డబ్బాలో వేయుట మా నియమము. ఆనాడు తొమ్మిదియే వచ్చినవి. చాపలు దులిపితిమి, ఇసుక జల్లించితిమి. తుదకు నాలుగేండ్ల పిల్లవాడొకడు పిడికిలి బిగించుకొని మూలనుండుట కంటబడెను. మాకు కోపము వచ్చెను. వేళ్లు విప్పించి గింజను తీసికొంటిమి. దొంగతనమను మాటయు మా నోట వెడలెను.

వాడు ఏడువలేదు. "అది తప్పిపోలే టీచరమ్మా. దాని అమ్మ బొంబాయికి పనికి పోయింది. ఒక్కటే ఉన్నది" అనెను.

వాని తల్లిదండ్రులు దసరా వెళ్లిన వెంటనే మేస్త్రీ వెంట మేడలు కట్టు పనికి పోయిరని మేమెరుగుదుము; హాజరుపట్టీలో వ్రాసికొన్నది కూడ మేమే. ఈ జిల్లా కూలీలు మోయని రాయి, త్రవ్వని మన్ను దేశమున ఎచ్చటనున్నది! ఆ కథ మేము ఎన్ని మారులు చెప్పితిమో లెక్కలేదు. గొర్రె ఒంటరిగా ఎట్లుండెనని ఏనాడును ఆలోచింపలేదు.

అంతలో వాని అవ్వ వచ్చెను. ఇసుకను చూచి, "ఆడుకొనుడు ఇంటికాడ లేదా తల్లీ? నాలుగక్షరాలు నేర్పుమని పంపితిమి గదా" అనెను. మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వరకు ఆటలద్వారా బోధింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. కాని అవ్వకు దానితో నేమి పని? ఆమె కోరినది న్యాయమే. కొడుకు, కోడలు వేలిముద్ర వేసియే మేస్త్రీవద్ద బయానా తీసికొనిరట. మనుమడు అట్లు కారాదని ఆమె యాశ. ఆమెకు మేము సిద్ధాంతములు చెప్పలేదు. వాని చేయి పట్టి ఇసుకలో 'అమ్మ' అని వ్రాయించి చూపితిమి. ఆమె చాలసేపు దానివంక చూచి, చెరపకుండ ప్రక్కగా నడచి పోయెను.

మరునాటి ప్రార్థనలో పిల్లలందరి యెదుట మా తప్పు ఒప్పుకొంటిమి. వాడు విననట్లే గోటితో చాప గీకుచుండెను. ఆట సమయమున మాత్రము డబ్బానుండి ఒక పెద్ద గింజను ఏరి కిటికీ గూటిలో పెట్టి, అది బొంబాయి యనెను.

ఆ గింజ నేటికిని అచ్చటనే యున్నది. సాయంకాలము డబ్బాలో తొమ్మిది లెక్కించి, పిల్లలు గూటివైపు వ్రేలు చూపి పది యందురు.