లక్కలో నిలిచిన కంఠం

డిసెంబరు నెల ముగింపుకు వచ్చేసరికి ఇంగ్లండులోను, అమెరికాలోను కొందరు వృద్ధుల చెవులలో ఒక గరగర ధ్వని మెదులుతుంది. గ్రామఫోను సూది రికార్డు మీద వాలిన తరువాత, మాట మొదలయ్యేలోపల వినవచ్చే చప్పుడు అది. వెనువెంటనే ఒక నటుని గంభీర కంఠం పిసినారి స్క్రూజ్ కథ అందుకునేది. ఛార్లెస్ డికెన్స్ 1843 డిసెంబరులో ప్రకటించిన ‘ఎ క్రిస్మస్ కేరల్’ వారికి పుస్తకంగా కంటె ముందు కంఠంగానే పరిచయం.

డికెన్స్ తానే ఆ కథను వేదికలెక్కి చదివి వేలాదిమందిని నవ్వించాడు, ఏడిపించాడు. 1870 మార్చిలో తన చివరి సభలోనూ దానినే చదివి, జూన్‌లో కన్నుమూశాడు. ఎడిసన్ ఫోనోగ్రాఫు 1877లో గాని పుట్టలేదు. ఆ ఏడేళ్ల ఎడంలో అసలు కంఠం జారిపోయింది. ఆ లోటు నటులు పూడ్చారు. లయొనెల్ బారిమోర్ 1934 నుంచి దాదాపు ఏటేటా అమెరికన్ రేడియోలో స్క్రూజ్ అయ్యాడు. రోనాల్డ్ కోల్మన్ 1941లో డెక్కా వారికి, బేసిల్ రాత్‌బోన్ 1942లో కొలంబియా వారికి ఆ కథను రికార్డులుగా ఇచ్చారు. పన్నెండంగుళాల రికార్డు ఒక్కొక్క పక్క నాలుగైదు నిమిషాలకు మించి పలకదు. అరగంట కథ వినాలంటే ఎవరో ఒకరు అరడజను సార్లు లేచి రికార్డు తిప్పవలసిందే. సెట్లుగా వచ్చిన పద్యనాటకాలు విన్న మన పెద్దలకు ఆ లేవడం, తిప్పడం కొత్త కాదు.

ఆ కంఠం నిలిచిన పదార్థం మాత్రం వారి దేశానిది కాదు. అది లక్క. ప్రపంచానికి కావలసిన లక్కలో అత్యధిక భాగం ఆ రోజులలో భారతదేశపు అడవులు ఇచ్చినదే. నాడు సంస్థానంగా ఉన్న బస్తరు, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతం, లక్క పండే నేలలలో ఒకటి. దాని దక్షిణపు అంచున కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట వినిపిస్తుంది గనుక మనకది మరీ పరాయి అడవి కాదు.

అక్కడ కుసుం, మోదుగ, రేగు చెట్ల కొమ్మలకు పురుగులున్న పుల్లలను కట్టి వదులుతారు. పురుగులు లేతకొమ్మల రసం పీల్చి, తమ చుట్టూ ఎర్రని జిగురు గూడు కట్టుకుంటాయి. చలికాలపు పంటకు అగహనీ అని పేరు. మార్గశిరాన్ని అక్కడివారు అగహన్ అంటారు. పుల్లల మీది లక్కను గీకి సంతలో అమ్ముతారు. మీర్జాపూరు వంటి చోట్ల దానిని పొడవాటి గుడ్డసంచిలో పోసి నిప్పుల ఎదుట కరిగించి, పిండి, పలుచని రేకులుగా సాగదీసేవారు. ఆ రేకులు కలకత్తా రేవున ఓడ ఎక్కేవి. మన ఆడవారి చేతి గాజులకూ, పోస్టాఫీసు పార్శిలు ముద్రలకూ వాడే లక్కే అది.

రికార్డులో లక్క పాలు కొంతే. మిగిలినది రాతిపొడి, మసి, కాసింత నూలుపోగు. రాతిపొడి వృథాగా కలిపింది కాదు. ఉక్కు సూది మొన దానికి ఒరుసుకుని గాడికి తగినట్లు అరగాలి. వృద్ధులు తలచుకుని మురిసే గరగర చాలావరకు ఆ ఒరిపిడే.

రాత్‌బోన్ రికార్డులు వచ్చిన 1942లోనే యుద్ధం ఈ సరఫరాను దెబ్బ తీసింది. సముద్రమార్గాలు ప్రమాదంలో పడ్డాయి. ఉన్న లక్క ఆయుధ సామగ్రికి కావలసి వచ్చింది. అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కను ఆ ఏప్రిల్‌లో 70 శాతం తగ్గించింది. పాతవి తెచ్చిస్తే కరిగించి కొత్తవి చేస్తామని కంపెనీలు ఇంటింటి పాత రికార్డులూ సేకరించాయి. ఎన్ని ఇళ్ల పాటలు, ఎన్ని కథలు ఆ మూసలో కలిసిపోయాయో! ఒక కంఠం బతకడానికి మరొక కంఠం కరగవలసి వచ్చిన కాలమది. ఇంతటి విలువగల సరుకు ఏ దేశంలో ఏమై పలుకుతున్నదో పుల్లలు గీకిన చేతులకు చెప్పినవారెవరు?

1948లో వినైల్ లాంగ్‌ప్లే రికార్డు వచ్చాక లక్కకు ఆ గిరాకీ తరిగిపోయింది. మన దేశంలో మాత్రం లక్క రికార్డులు మరో రెండు దశాబ్దాలకు పైగా తయారయ్యాయి. బస్తరు ప్రాంతంలో లక్క నేటికీ పండుతూనే ఉన్నది. మందుబిళ్లల పైపూతకూ, పండ్ల మెరుగుకూ పోతున్నది. కోల్మన్, రాత్‌బోన్‌ల కథనాలు నేడు కంప్యూటరు శుద్ధిచేసిన ధ్వనితో చేతిఫోనులో దొరుకుతున్నాయి. మాట తేటగా వినిపిస్తుంది. అయినా గరగర లేనిదే అది క్రిస్మస్ కాదని పాత రికార్డునే వెతుక్కునేవారున్నారు. అది చేయి జారితే పెంకులా పగులుతుంది. పగిలిన ముక్కను నిప్పుసెగకు చూపితే, పార్శిలు మీద ముద్ర వేసేటప్పుడు పోస్టాఫీసులో వచ్చే వాసనే వస్తుంది.