అమ్మగారి పుట్టినరోజున మెదక్ ప్రయాణము



మన గ్రామ సంఘములలో పిల్లల పుట్టినరోజు అనగానే కేకు, కొవ్వొత్తులు, కృతజ్ఞతా ప్రార్థన, ఇరుగుపొరుగువారికి భోజనము. మంచిదే. అయితే ఆ ఇంటి తల్లి పుట్టినరోజు ఎప్పుడని అడిగి చూడండి. ఒకరి ముఖము ఒకరు చూచుకొంటారు. "వరికోతలప్పుడు పుట్టిందట" అంటారు. బడిలో చేర్చుకొన్న పంతులుగారు జూన్ నెల అని వేసి ఉంటారు, అదే ఆధార్ కార్డులోనికి వచ్చి కూర్చుంటుంది. మా ఇంటి అమ్మగారి సంగతీ అంతే. కార్డు ప్రకారము జూన్ 1. నిజముగా పుట్టినది ఫిబ్రవరిలో. మా వివాహము కుదిరినప్పుడు ఆమె స్వగ్రామములోని బాప్తిస్మపు రిజిస్టరు తెరిస్తే, ఆనాటి పాస్టరుగారు సిరాతో వ్రాసిన తేదీ కనబడింది. సర్కారు ఎరుగని దినమును సంఘము భద్రముగా దాచిపెట్టింది.

మా సంఘములో పెరిగి జర్మనీ దేశములో ఉద్యోగము చేయుచున్న ఒక జంట, భార్య పుట్టినరోజుకని రెండు దినములు కొలోన్ నగరమునకు వెళ్ళి, అక్కడి పెద్ద దేవాలయము ముందు నిలిచి ఫోటోలు తీసి పంపారు. అమ్మగారు ఆ ఫోటోలు చాలాసేపు చూచారు. "ఎంత ఎత్తు కట్టారండీ!" అన్నారు. అటువంటి కట్టడము చూడవలెనంటే విమానము ఎక్కనక్కరలేదు, మెదక్ బస్సు ఎక్కితే చాలునని అప్పుడే నిర్ణయించుకొన్నాము.

సంఘపెద్ద ఒకరు విని, "మీటింగా అయ్యగారూ?" అని అడిగారు. మీటింగు కాదు, అమ్మగారి పుట్టినరోజు అంటే, "దానికి అంతదూరమా?" అన్నారు. ఆయన ప్రశ్నలో చెడు లేదు. భార్యాభర్తలు కలిసి ఊరు దాటడమంటే పెళ్ళికో, చావుకో, ఆసుపత్రికో అనునది మన అలవాటు. కానీ ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చూడండి. కొత్తగా పెండ్లి చేసికొన్నవాడు ఒక సంవత్సరము యుద్ధమునకు పోకుండ ఇంటనుండి భార్యను సంతోషపెట్టవలెనని అక్కడ ఆజ్ఞ ఉన్నది. మార్కు సువార్త 6వ అధ్యాయములో, భోజనము చేయుటకైనను తీరిక లేని శిష్యులను ప్రభువే ఏకాంతమునకు పిలిచి విశ్రమింపజేశాడు. కావున ఒక మంగళవారము తెల్లవారుజామున తలుపునకు తాళము వేసి బయలుదేరాము.

హైదరాబాదు నుండి మెదక్ దాదాపు 100 కిలోమీటర్లు. 2022లో అక్కన్నపేట నుండి మెదక్‌కు రైలుమార్గము కూడ వచ్చింది. మేము మాత్రము నర్సాపూర్ అడవి మీదుగా పోవు బస్సు ఎక్కాము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు కదా. కండక్టరు ఆధార్ కార్డు చూచి జీరో టికెట్టు ఇచ్చారు. "పుట్టినరోజు కానుక సర్కారువారే ఇచ్చారు, తారీఖు ఒక్కటే తప్పు" అని అమ్మగారు నవ్వారు.

ఊరు సమీపించునప్పటికే 175 అడుగుల గోపురము కనబడుతుంది.  వెస్లియన్ మిషనెరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఈ మందిరమును 1914లో ఆరంభించారు. అది మొదటి ప్రపంచయుద్ధము మొదలైన సంవత్సరము. ఆ కాలములో ఈ ప్రాంతమును కరవు పట్టుకొన్నది. ఊరక పెట్టిన అన్నము మనిషిని చిన్నబుచ్చుతుందని తలచి, పని కల్పించి ఆ పనికి అన్నము పెట్టారు. స్థానికుల చెమటతో ఈ రాళ్ళు పైకి లేచాయి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కొలోన్ దేవాలయము 1248లో మొదలై 1880లో గాని పూర్తి కాలేదు. మెతుకుసీమ ప్రజలు తమ మందిరమును 10 సంవత్సరములలో లేపారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత ఇది మెదక్ అధ్యక్ష మండలమునకు ముఖ్య దేవాలయమైనది. 2024 క్రిస్మస్‌కు నూరేండ్లు నిండాయి.

లోపల 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. 5,000 మంది కూర్చొనవచ్చును. నేలమీది పలకలు బ్రిటను నుండి వచ్చినవి, ఇటలీ పనివారు పరచినవి. పనిదినము గనుక జనము లేరు. చెప్పులు విడిచి ఆ చల్లని నేలమీద నడిచి ఒక బల్లపై కూర్చున్నాము. "మట్టి తట్టలు మోసినవారిలో పాలిచ్చే తల్లులు ఎందరుండిరో" అన్నారు అమ్మగారు. మరికొంతసేపటికి, "ఏవండీ, ఎవరికీ వండకుండ, ఎవరికీ మంచినీళ్ళు అందించకుండ గుడిలో కూర్చోవడము నాకిదే మొదటిసారి" అన్నారు.

మందిరమునకు పేరు తెచ్చినవి రంగు అద్దాల కిటికీలు మూడు. ఆరోహణము 1927లోను, క్రీస్తు జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చారు. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ పనితనము. వెలుగు బయటనుండి వస్తేనే ఆ బొమ్మలకు ప్రాణము. రాత్రివేళ ఎన్ని దీపములు పెట్టినను లోపలివారికి కనబడవు. కావున పగటివేళ, ఎండ ఉండగా వెళ్ళండి. జనన దృశ్యము ఎదుట అమ్మగారు చాలాసేపు నిలిచారు. మేము మాట కలుపలేదు.

మధ్యాహ్నము బస్టాండు దగ్గర మెస్సులో భోజనము చేశాము. మెదక్ అను పేరు మెతుకు అను మాటనుండి వచ్చినదంటారు. అన్నము పేరు గల ఊరిలో, అన్నము పెట్టి కట్టిన మందిరము చూచి, ఒకరు వడ్డించగా అమ్మగారు కూర్చుండి తిన్నారు. చారులో ఉప్పు ఎక్కువైనదన్నది ఒక్కటే ఫిర్యాదు.

సాయంకాలము కాకతీయుల నాటి కోట ఎక్కబోయాము. మోకాళ్ళు సహకరించక సగములోనే రాతిమెట్టుపై కూర్చున్నాము. దూరముగా గోపురము. అప్పుడు అమ్మగారు, "బాబు ఉంటే ఈపాటికి ఇరవై నిండేవి" అన్నారు. మా మొదటి బిడ్డ పదకొండు దినములు మాత్రమే మాతో ఉన్నాడు. ఆ తరువాత దేవుడు ఇద్దరు ఆడపిల్లలను ఇచ్చాడు. పాస్టరు ఇంటిలో రోజూ ఎవరిదో ఒకరి దుఃఖము వచ్చి చాపమీద కూర్చుంటుంది. వారికి ప్రార్థన చేసి పంపునప్పటికి మరొకరు వాకిట నిలిచి ఉంటారు. మా బాబు పేరు ఆ ఇంటిలో ఇద్దరము కలిసి పలికి ఎన్నో ఏండ్లయింది. ఆ మెట్టుమీద పలికాము. అమ్మగారు ఏడ్చారు, మేమూ ఏడ్చాము. ఓదార్పు వాక్యము ఎవ్వరూ చెప్పలేదు. చీకటి పడకముందు చేతులు పట్టుకొని దిగి వచ్చాము.

ప్రియులారా, సేద్యగాని ఇంటిలోను ఇటువంటి మాటలు మిగిలి ఉంటాయి. పశువులు, పొలము, పిల్లల ఫీజులు, చీటీ డబ్బులు, వీటి నడుమ భార్యాభర్తలు దినమంతా మాట్లాడుకొంటూనే ఉంటారు గాని, చెప్పవలసినది చెప్పుకొనుటకు స్థలము చిక్కదు. అటువంటి స్థలమునకు విదేశము అక్కరలేదు. మాకు అయిన ఖర్చు ఒకరి బస్సు చార్జీ, రెండు భోజనములు. మెదక్ దూరమైతే మీ దగ్గరి చెరువుగట్టు చాలును. పిల్లలను నానమ్మ దగ్గర విడిచి, ఫోను ఇంటిలో పెట్టి వెళ్ళండి.

ముందుగా మీ సంఘ కాపరిని అడిగి బాప్తిస్మపు రిజిస్టరు చూడండి. మీ తల్లి పుట్టిన దినము, మీ భార్య పుట్టిన దినము అందులో ఉండవచ్చును. దొరికితే కుటుంబ బైబిలు మొదటి పేజీలో మీ చేతితో వ్రాసి పెట్టండి. మన ఇండ్లలోని తల్లులందరికి ప్రభువు విశ్రాంతిని, బలమును అనుగ్రహించును గాక. ఆమేన్.