బురద బాటకు ఏ టైరు?

పోయిన వారం మొదలుపెట్టిన భూమి పట్టాల ముచ్చట సగంలో ఉంది. అది వచ్చే వారం పూర్తి చేస్తా. ఈ వారం సైకిల్ టైరు గురించి. నవ్వేటోళ్ళు నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

నా క్లాసులో ఒక పిల్లగాడున్నాడు. తొగుట పక్కన పల్లె, మన వాడ పిల్లగాడే. రోజూ పొద్దున పొలాల నడుమ బాట మీద ఆరు కిలోమీటర్లు సైకిల్ తొక్కి రోడ్డెక్కితే బస్సు దొరుకుతుంది. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి బస్సు ఉచితమైంది, మంచి పని. మగపిల్లలకు పాసుంది. కానీ పల్లెలోకి బస్సే రాకపోతే ఉచితమైనా పాసైనా ఒకటే. డిసెంబర్‌లో ఈ పిల్లగాడు పదిహేను రోజుల్లో ఐదుసార్లు బస్సు తప్పిపోయాడు. ఒకరోజు మోచేయి చెక్కుకుపోయి వచ్చాడు. హాజరు 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ రాదు. స్కాలర్‌షిప్ రాకపోతే వాడి చదువు ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎందుకు పడుతున్నవ్‌రా?" అంటే, "బురద సార్" అన్నాడు.

చలికాలంలో బురదేంటి అని పట్నంలో ఉన్న మిత్రులు అడగొచ్చు. నా చిన్నప్పుడు మా దిక్కు డిసెంబర్ అంటే దుబ్బే. ఇప్పుడు అట్లా కాదు. మల్లన్నసాగర్‌ను 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. 50 టీఎంసీల జలాశయం. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊర్లు దాని కింద పోయాయి. ఆ గాయం గురించి ఇదివరకే రాశాను, మళ్ళీ రాస్తాను. నీళ్ళొచ్చిన చోట యాసంగి వరి పెరిగింది. కరిగెట చేసి బయటికొచ్చిన ట్రాక్టర్ల ఇనుప చక్రాలు మడిలోని బురదనంతా బాట మీద పోసి పోతాయి. పైన రాత్రి మంచు. పొద్దున ఆరున్నరకు ఆ బాట సబ్బు రాసిన బండలాగా ఉంటుంది.

ఈ బాటతో మా ఇంటికి పాత చుట్టరికముంది. మా తాతకు సైకిలుండేది. ఊరి నడుమ నుంచి పోతే దొర ఇంటి ముందు దిగాలి, నడిపించుకుంటూ పోవాలి, దాటినంక ఎక్కాలి. తాత ఒకటి రెండుసార్లు దిగాడట. తర్వాత ఊరి నడుమ బాటే వదిలేశాడు. చెరువు కట్ట వెనకనుంచి, రేగడి చేన్ల ఒడ్డు మీద నుంచి తిరిగి పోయేవాడు. దూరం ఎక్కువ, వానకాలం మోకాలు లోతు బురద. అయినా సైకిల్ దిగేవాడు కాదు. బురదకు దిగితే దిగాడేమో గానీ మనిషికి దిగలేదు అని అమ్మ చెప్పేది. తెలుగు కవిత్వంలో వాన ఎంతుందో బురద అంత లేదు. పీహెచ్‌డీ చేసినా నాకు దీనికి ఇంకో కారణం తోచలేదు, బురదలో నడిచినోళ్ళకు కలం ఆలస్యంగా అందింది.

సరే, టైరు. ఆదివారం పిల్లగాణ్ణి ఇంటికి రమ్మన్నాను. వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న లావు టైర్ల సైకిల్. రెండు టైర్లూ అరిగి నున్నగైనవి. దుకాణంలో వాడికి అన్నిటికంటే వెడల్పు టైరు చూపించారట, బురదకు లావుదే మంచిదని. అదే మొదటి పొరపాటు. మా రేగడి మన్ను అంటుకుంటే వదలదు. వెడల్పు టైరుకూ ఫోర్కుకూ నడుమ సందుండదు, నాలుగు చుట్లు తిరిగేసరికి మన్ను కూరుకుపోయి చక్రం నిలబడిపోతుంది.

మా నాయన అరుగు మీద కూర్చుని వింటున్నాడు. ఆయన ముప్పై ఏండ్లు లారీ టైర్లతో చెప్పులు కోసినవాడు. ఆరె, రంపె ఇంకా గూట్లోనే ఉన్నాయి. "సందులు సన్నగున్న టైరుతోని చెప్పు కుడితే రేగడిల రెండడుగులకే కాలు బండైతది బిడ్డా. సందులు ఎడంగుండాలె. మన్ను ఎంత పట్టుకున్నా కాలెత్తంగనే రాలిపోవాలె" అన్నాడు.

సైకిల్ టైరుకూ సరిగ్గా అదే లెక్క. బొడిపెలు ఎత్తుగా, దూరం దూరంగా ఉండాలి. వెడల్పు 1.95 చాలు. ఇంకో సంగతి, 26 అని రాసిన ప్రతి టైరూ ప్రతి 26 రిమ్ముకు పట్టదు. టైరు పక్కన 50-559 లాంటి అంకె ఉంటుంది. రెండోది టైరు రిమ్ము మీద కూర్చునే చోటి కొలత, మిల్లీమీటర్లలో. లావు టైర్ల 26 సైకిల్‌కు 559 కావాలి. 26×1⅜ అనే పాత రకానికి అది 590. ఇది చూడక డబ్బులు పోగొట్టుకున్న పిల్లలు నాకు తెలుసు.

మడతపెట్టే టైరు అని ఖరీదైనది ఒకటి ఉంటుంది. అంచులో ఇనుప తీగ ఉండదు, బరువు తక్కువ. పట్టుకు దానితో సంబంధం లేదు. మనకు తీగ టైరే చాలు, హైదరాబాద్ హార్టెక్స్‌దో, లుధియానా రాల్సన్‌దో. పేరు కంటే రబ్బరు చూడండి. బొడిపె మీద గోరు నొక్కితే కొంచెం దిగి మళ్ళీ లేవాలి. రాయిలాగా ఉంటే తడిసిన సీసీ రోడ్డు మీద, పేడ మీద జారుతుంది. అక్కడ బొడిపెలు ఎంత ఎత్తున్నా లాభం లేదు, పట్టేది రబ్బరే. మెత్తటిది తొందరగా అరుగుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

వాడి దగ్గర ఒక్క టైరుకే డబ్బులున్నాయి. వెనక చక్రానికి వేసుకుందాం అనుకున్నాడు, బలం వెనకనే కదా అని. నేను ముందుకే వేయించాను. వెనక చక్రం జారితే కాలు ఆనించి ఆపుకోవచ్చు, ముందుది జారితే పడ్డాకే తెలుస్తుంది. వెనకది ఎట్లాగూ తొందరగా అరుగుతుంది. ఇప్పటి ముందు టైరు కొంత అరిగినంక వెనకకు మార్చి, ముందుకు కొత్తది కొనుక్కోవచ్చు.

గాలి సంగతి. దుకాణంలో రాయిలాగా కొట్టి పంపిస్తారు. బురదలో అది జారుతుంది. పిల్లగాడు యాభై కిలోలుంటాడు, ముందుకు 35 పీఎస్ఐ దగ్గర పెట్టాం. అంతకంటే బాగా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి పాము కాటేసినట్టు రెండు తూట్లు పడతాయి. బాట పొడుగునా సర్కారు తుమ్మ ముండ్లు వేరే. నాయన ఒక పాత ట్యూబును నిలువునా కోసి, అంచులు రంపెతో సన్నగా చెక్కి, టైరు లోపల పట్టీలాగా పరిచాడు. అన్నిటినీ ఆపదు, చిన్న ముండ్లను ఆపుతుంది.

టైరు ఎక్కిస్తున్నప్పుడు పిల్లలకు ఇంకో కథ చెప్పాను. గాలి టైరుకు డన్లప్ పేటెంటు తీసుకున్నది 1888లో. దాంతో రబ్బరుకు గిరాకీ పెరిగింది. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ మనుషులు రబ్బరు కోసం నల్లవాళ్ళ చేతులు నరికారు. పిల్లగాడు టైరును ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అనలేదు.

"తాతా, ఈ బాణం గుర్తు ఎటుండాలె?" అని నాయన్ను అడిగాడు.

"చక్రం ఎటు తిరుగుతదో అటే."

రెండు వారాలైంది. ఒక్కసారే బస్సు తప్పింది, అదీ బస్సు ముందే వెళ్ళిపోయి. ముందు చక్రం నుంచి తీసిన పాత టైరును నాయన పారేయలేదు. ముక్కలు కోసి మేకల కొట్టం తలుపుకు బందులు కొట్టాడు.